నీలం దారపు ముడి

బట్టను బాగుచేసినందుకు మాట పడటం దారాలక్క జీవితంలో అదే మొదటిసారి. మరక పోలేదని తిట్టినవాళ్ళున్నారు. గుండీ ఊడిందని తిట్టినవాళ్ళున్నారు. ఒకాయనైతే పొట్ట పెరిగిందని ఒప్పుకోలేక, ప్యాంటు బిగుతు చేసేశారంటూ లాండ్రీలో ఉన్నవాళ్ళందరినీ పేరుపేరునా దులిపి వెళ్ళాడు. అవన్నీ ఆమె ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసింది. కానీ చిరిగిన జేబు కుట్టి పంపితే, "ఎవరు కుట్టమన్నారు?" అని పై అంతస్తు గదిలోంచి ఫోను వస్తే ఏమని సమాధానం చెప్పాలి?

ముందు మనిషి గురించి చెప్పాలి. లేకపోతే ఆమె చేసింది పొగరనుకుంటారు. పొగరు కాదు, చెయ్యి ఊరుకోకపోవడం. ఆమె అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప హోటల్లో ఎవరికీ గుర్తులేదు. భుజం మీదో, కొంగు మీదో, ఒక్కోసారి జడలోనో ఏదో ఒక రంగు దారప్పోగు అంటుకుని ఉండేది కాబట్టి దారాలక్క అయిపోయింది. వంటింటి వెనక మెట్లు దిగితే వచ్చే లాండ్రీలో, పెళ్ళైన కొత్తలో దిండు గలీబులు ఇస్త్రీ చేయడానికి చేరింది. ఇప్పుడు ఆమెకు కోడలు కూడా వచ్చింది. ఈ మధ్యలో గలీబుల నుంచి దుప్పట్లకు, దుప్పట్ల నుంచి గెస్టుల చొక్కాలకు, అక్కణ్ణుంచి కోట్లకు ఎదిగింది. కోటు ముట్టుకోనిచ్చారంటే లాండ్రీలో ఇక ఎదగడానికి మెట్టు లేదన్నమాట.

లాండ్రీ పని ఉతకడం, ఇస్త్రీ చేయడం, కాగితం చుట్టి పంపడం. అంతే. కుట్టమని ఎవరూ అడగరు, కుట్టినందుకు ఎవరూ మెచ్చుకోరు. కానీ చినుగు కనిపిస్తే దారాలక్కకు కంట్లో నలుసు పడ్డట్టే. వదులైన గుండీని బిగించేది. ఊడిన అంచును మడిచి కుట్టేది. చిమ్మట కొట్టిన చోట, గుడ్డ పోగుల మధ్యే దారం దూర్చి చినుగు జాడ లేకుండా రఫ్ఫు చేసేది. గెస్టులు ఆ చొక్కాలు తొడుక్కుని హాయిగా వెళ్ళిపోయేవాళ్ళు, తమ గుండీ ఒకటి చావు తప్పించుకున్నదని కూడా తెలియకుండా. "తెలిసేలా కుట్టేది కూడా ఒక కుట్టేనా?" అనేది ఆమె.

ఇంట్లోనూ ఇదే గోల. కోడలు మడత పెట్టిన బట్టల్ని ఈవిడ విప్పి మళ్ళీ మడత పెట్టేది. కోడలు బుద్ధిమంతురాలు కాబట్టి తగువు పెట్టుకోలేదు. "అత్తయ్యా, ఇకమీదట మీరే మడత పెట్టండి, ఇద్దరం కష్టపడటం దేనికి?" అని చేతులు దులుపుకుంది. భర్త బస్సు కండక్టరు. ఆయన అందరితో చెప్పే మాట ఒకటుంది. "మొదటిసారి కలిసినప్పుడు నన్నే కళ్ళార్పకుండా చూసింది. నేను పొంగిపోయాను. పెళ్ళయ్యాక తెలిసింది, చూసింది నా చిరిగిన కాలరునని." ఒకసారి ఆమె జ్వరం వచ్చి డాక్టరు దగ్గరికి వెళితే, ఆ డాక్టరు నాడి చూస్తున్నంతసేపూ ఆయన కోటు చేతి మీద వేలాడే పోగునే చూసి, చివరికి పుటుక్కున తెంపి, అప్పుడు గానీ స్థిమితంగా ఊపిరి తీసుకోలేదట. మనిషి కంటే బట్టే ముందు కనపడే కళ్ళు ఆమెవి. ఆ కళ్ళే ఆమెకు అన్నం పెట్టాయి, ఆ కళ్ళే ఆమెను ముంచాయి.

జబ్బు ప్రపంచం మీద పడ్డాక విమానాలు ఆగిపోయాయి, హోటలు ఖాళీ అయింది, లాండ్రీలో మిషన్లు నోరు మూసుకున్నాయి. మళ్ళీ విమానాలు మెల్లగా తిరగడం మొదలయ్యేసరికి హోటల్ని ప్రభుత్వం తీసుకుంది. పై దేశం నుంచి దిగిన మనిషి నేరుగా ఇంటికి పోకూడదు. విమానాశ్రయంలో బస్సెక్కి ఇక్కడికి రావాలి, చెప్పినన్ని రోజులు గది దాటకుండా ఉండాలి, పరీక్షలో ఏమీ లేదని తేలితేనే బయటకు. ప్రతి తలుపు ముందూ ఒక స్టూలు. భోజనం దాని మీద పెట్టి, తలుపు తట్టి, పనివాళ్ళు దూరంగా వెళ్ళాకే లోపలివాళ్ళు తలుపు తీయాలి. సొంత ఊళ్ళో దిగి, సొంత ఇంటికి పోలేక, ఎటు తిరిగినా హోటలు గోడలే చూస్తూ కూర్చున్న మనుషులు.

లాండ్రీకీ కొత్త పద్ధతులు వచ్చాయి. వేడినీళ్ళలో కరిగిపోయే సంచుల్లో బట్టలు వచ్చేవి. సంచి విప్పకుండానే మిషన్లో పడెయ్యాలి. వేడినీళ్ళలో వెయ్యకూడని కోట్ల సంగతి వేరు. విమానం దిగిన రోజే వాటిని తీసుకుని, ఆవిరి పట్టే ఇనప బీరువాలో తగిలించి, మర్నాడు తిరిగి గదికి పంపాలి. ఇక నూగు, దారం ముక్కలు, తుడిచిన గుడ్డలు, ఊడ్చిన చెత్త, అన్నీ పసుప్పచ్చ సంచిలో వేసి మూతి బిగించాలి. బిగించిన సంచిని ఎవరూ విప్పకూడదు. మధ్యాహ్నం బండి వచ్చి తీసుకెళ్ళి కాల్చేస్తుంది.

ఫోను తెప్పించిన ఆ కోటు బూడిద రంగుది, బరువైంది, మోచేతుల దగ్గర అరిగి నున్నబడింది. ఆవిరి బీరువాలోంచి తీస్తూ, దారాలక్క అలవాటుకొద్దీ జేబులో చెయ్యి పెట్టింది. అడుగున ఏదో గరుగ్గా తగిలింది. జేబును బయటికి తిప్పింది. చిరిగిన జేబు అడుగును ఎవరో ఆకాశనీలం దారంతో కుట్టారు. అదీ గోనెసంచులు కుట్టే దబ్బనంతో.

"ఇటు రండర్రా, ఒకసారి చూద్దురుగాని," అని పిలిచింది.

లాండ్రీలో ఆమెతో పాటు ఇద్దరే. మిషన్ల దగ్గర ఉండే ఆవిడను అందరూ వదిన అంటారు. ఇస్త్రీ బల్ల దగ్గర ఉండేవాణ్ణి బక్కోడు అంటారు, వాడికి పెళ్ళై పొట్ట వచ్చినా సరే. ఇద్దరూ వచ్చి వంగి చూశారు.

"ఇది కుట్టా? కాలు విరిగిన కోడి బురదలో నడిచినట్టుంది," అంది దారాలక్క.

"పాపం, చీకట్లో కుట్టుకున్నారేమోలే," అంది వదిన.

"చీకట్లో కుట్టినా సూది ఇటు నుంచి అటు వెళ్ళాలి కదా వదినా. ఇది వెళ్ళిన దారినే మళ్ళీ వెనక్కొచ్చింది. ఇదిగో ఇక్కడ దారి తప్పి లైనింగు మీదికి ఎక్కింది. ఇక ఈ ముడి చూడు. శనగగింజంత ఉంది. ముడి మీద ముడి, దాని మీద మళ్ళీ ముడి. గేదెను కట్టెయ్యడానికి వేసినట్టున్నాడు."

"గేదె పారిపోయింది కాబోలు అక్కా, ముడి మిగిలింది," అన్నాడు బక్కోడు.

ముగ్గురూ పడీపడీ నవ్వారు. మాస్కుల వెనక ఊపిరాడక ఇస్త్రీ బల్లకు ఆనుకుని మరీ నవ్వారు. నెలల తరబడి ఆ గదిలో ఎవరూ అలా నవ్వి ఎరగరు. దాన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. అందరూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పనిచేస్తున్న రోజులవి.

తర్వాత ఆమె పనిలో పడింది. ముడి విప్పాలని సూదిమొనతో గిల్లింది. పిన్నుతో పొడిచింది. గోళ్ళతో పీకింది. ముడి ఉలకలేదు, పలకలేదు. చివరికి విసుగొచ్చి, కత్తెర పెట్టి ముడి కింద దారాన్ని కోసింది. మిగతా కుట్టునూ అక్కడక్కడా కోసి ముక్కలుగా లాగేసింది. అంతా చేత్తో ఊడ్చి చెత్తడబ్బాలో పడేసింది. గుడ్డకు సరిపోయే బూడిద రంగు దారం తీసి, జేబు అడుగును మళ్ళీ కుట్టింది. ఎంత బాగా కుట్టిందంటే, చినుగు ఎక్కడుందో కాసేపటికి ఆమే వెతుక్కోవాల్సి వచ్చింది. కోటు పైకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఫోను వచ్చింది. సూపర్‌వైజరు ఎప్పుడూ లాండ్రీ మెట్లు దిగడు. ఆ రోజు తానే దిగి వచ్చాడు.

"చినిగిందని గొడవ చేసేవాళ్ళను చూశాం గానీ, కుట్టారని గొడవ చేసేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నాం దారాలక్కా. నాలుగో అంతస్తు చివరి గదిలో పెద్దావిడ. ఎవరు కుట్టమన్నారు, నీలం దారం ఏది అంటూ పొద్దుట్నుంచి ఫోను వదలడం లేదు. ఒంటరిగా ఉండి మతి చలించిందేమో. ఒక పని చేద్దాం. ఆవిరికి పాత దారం కరిగిపోయింది, అందుకే కుట్టాం అని చెప్పేద్దాం. భోజనంలో ఒక పండు ఎక్కువ పెట్టి పంపుదాం."

నిజం చెప్పాలంటే దారాలక్కకు మొదట కోపమే వచ్చింది. అంత మంచి కుట్టుకు ఇదా బహుమానం? "ఆ గదికి ఫోను కలపండి సారూ, నేనే మాట్లాడతా," అంది.

"నమస్తే అమ్మా, లాండ్రీ నుంచి మాట్లాడుతున్నా. జేబు కుట్టింది నేనే. ఎక్కడైనా బిగుసుకుందా?"

అటువైపు గొంతులో గొడవ లేదు. అలసట ఉంది. "కుట్టు బాగుందమ్మా. ఇంత మంచి కుట్టు నేనెప్పుడూ చూడలేదు. నీలం దారం ఏం చేశావు?"

"తీసేశానమ్మా. మరీ మొరటుగా ఉంది."

"మొరటుగానే ఉంటుంది. మా ఆయన కుట్టాడు."

దారాలక్కకు కాస్త హాయి అనిపించింది. ఇదా సంగతి అనుకుంది. "మగవాళ్ళు సూది పడితే అంతేనమ్మా. మా ఆయనా అంతే. ఆయనకు చెప్పండి, ఈసారి ఏది చినిగినా నాకు పంపమని."

"ఆయన లేడమ్మా," అంది పెద్దావిడ.

దారాలక్క ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. అటువైపు ఆవిడ నెమ్మదిగా చెప్పుకుపోయింది. వాళ్ళాయన పై దేశంలో వంతెనలు కట్టేచోట ఇనప కడ్డీలు కట్టే పని చేసేవాడు. ఆవిడ ఆ పనివాళ్ళకు వంట చేసేది. జబ్బు ఆయనకు అంటుకుంది. ఒళ్ళంతా కప్పుకున్న మనుషులు బండిలో వచ్చారు, ఆయన తన కాళ్ళతో తానే నడిచి ఎక్కాడు. తర్వాత ఒక ఫోను వచ్చింది, అంతే. మనిషిని మళ్ళీ చూపించలేదు. వాళ్ళే తీసుకెళ్ళి కాల్చేశారు. ఆ తర్వాత గదికి వచ్చి ఆయన బట్టలు, దుప్పటి, చెప్పులు, పళ్ళు తోముకునే బ్రష్షుతో సహా సంచుల్లో వేసుకుపోయి వాటినీ కాల్చేశారు.

"తప్పు కాదులే, వాళ్ళ రూలు అది," అంది ఆవిడ. "ఫోటోలున్నాయి. కానీ ఫోటో ఆయన చేసింది కాదు కదా. ఆయన చేత్తో చేసింది నా దగ్గర ఇంకేం మిగల్లేదు. కోటు నా ఒంటి మీద ఉంది కాబట్టి ఆ కుట్టు మిగిలింది. ఆ దారమైనా ఉంటే పంపు తల్లీ. చూడు, ఎక్కడైనా ఉందేమో."

"చూస్తానమ్మా," అంది దారాలక్క.

చెత్తడబ్బా ఖాళీగా ఉంది. వదిన పొద్దున్నే ఊడ్చి పసుప్పచ్చ సంచిలో వేసి, మూతి బిగించి, బండి కోసం వెనక వరండాలో పెట్టేసింది. వదిన తప్పేమీ లేదు, తన పని తాను చేసింది. మధ్యాహ్నం బండి వస్తుంది. వచ్చిందంటే ఆ మనిషి చేతిపని, ఆయన బట్టల్లాగే, ఆయనలాగే, బూడిదైపోతుంది. ఈసారి కాల్చేవాళ్ళు పై దేశం వాళ్ళు కారు. ఏరి, కోసి, డబ్బాలో వేసింది తానే.

"సంచి విప్పాలి సారూ," అంది.

సూపర్‌వైజరు అదిరిపడ్డాడు. "నీకేమైనా పిచ్చా? కొరివితో తల గోక్కుంటావా? నా ఉద్యోగం నీ ఉద్యోగం రెండూ పోతాయి."

ఆమె అతనితో వాదించలేదు. కింది అంతస్తులో గెస్టులకు పరీక్షలు చేసే నర్సు దగ్గరికి వెళ్ళింది. నర్సమ్మ వయసులో చిన్నది, మాటలో ఖచ్చితం. విషయమంతా విని తల అడ్డంగా ఊపింది.

"ఆ సంచిలో అన్ని గదుల నూగూ ఉందక్కా. ఈ వారం పాజిటివ్ వచ్చిన గదులు కూడా ఉన్నాయి. ఒక్క దారం ముక్క కోసం మీకేమైనా అయితే మీ ఇంట్లోవాళ్ళకు నేనేం చెప్పను?"

"దారం ముక్క అయితే నేనే కాల్చేసేదాన్ని నర్సమ్మా. ఆయనవన్నీ అక్కడ కాల్చేశారు. మిగిలింది మనం కాలుద్దామా? అదీ నేను పాడుచేసి?" అంది దారాలక్క. ఆ మాట అంటుంటే ఆమెకు ఏడుపు వచ్చేసింది. నర్సు ముందు ఏడుస్తున్నందుకు సిగ్గు కూడా వేసింది.

నర్సు లేచి అలమర తెరిచింది. ప్లాస్టిక్ గౌను, రెండు జతల గ్లౌజులు, మంచి మాస్కు, కళ్ళద్దాలు తీసింది. షరతులు చెప్పింది. గదిలో కాదు, పెరట్లో, ఎండలో విప్పాలి. ఎవరూ దగ్గరికి రాకూడదు. కాగితాలు పరిచి వాటి మీదే వెతకాలి. అయ్యాక అంతా కొత్త సంచిలో వేసి బిగించాలి. దొరికిన దాన్ని మళ్ళీ ఆవిరి పట్టాలి. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆమె ఇంట్లో వేరే గదిలో పడుకుని, విడిగా తినాలి. "నేను దూరంగా నిలబడి చూస్తుంటాను. ఒక్కటి తప్పినా ఆపేయిస్తాను," అంది.

"నేనేమీ చూడలేదు," అన్నాడు సూపర్‌వైజరు, మెట్లెక్కి వెళ్ళిపోతూ. కాసేపటికి పీట ఒకటి పట్టుకొచ్చి, పెరటి గుమ్మం దగ్గర పెట్టి మళ్ళీ వెళ్ళిపోయాడు.

గడ్డివాములో సూది వెతకడమంటారు. సూదికైతే మెరుపుంటుంది, లేకపోతే గుచ్చుకునైనా తన ఉనికి చెబుతుంది. దారపు ముడి ఏం చెబుతుంది? సంచి విప్పేసరికి హోటలు మొత్తం రాల్చిన నూగు బూడిద రంగు దూదిలా కాగితాల మీద పొంగింది. ప్లాస్టిక్ గౌనులో ఒళ్ళు ఉడికిపోతోంది. కళ్ళద్దాలు మసకబారుతున్నాయి. తుడుచుకుందామంటే చెయ్యి ముఖానికి తగలకూడదు. పీట మీద కూర్చుని గుప్పెడు గుప్పెడు తీసి విడదీయసాగింది.

మొదట ఒక నీలం ముక్క దొరికింది. తర్వాత ఇంకొకటి. తీసి తెల్లకాగితం మీద పెట్టింది. దారం కుట్టులో ఉన్నప్పటి వంపు దానికి అలాగే ఉండిపోతుంది, అది పనిలో ఉన్నవాళ్ళకు తెలిసిందే. ఆ ముక్కల్లో వంపులు చూస్తుంటే, నిన్న తను వెక్కిరించిన కుట్టే మళ్ళీ కళ్ళ ముందుకు వచ్చింది. ఇదిగో ఇది వెళ్ళిన దారినే వెనక్కొచ్చిన కుట్టు. అంటే ఆయన గట్టిగా ఉండాలని రెండుసార్లు కుట్టాడు. ఇది దారి తప్పి లైనింగు మీదికి ఎక్కింది. జేబులో చెయ్యి పట్టలేదేమో, కడ్డీలు వంచిన వేళ్ళు కదా. నిన్న ఇవేవీ తట్టలేదు. వంకర మాత్రమే కనపడింది. ఛీ, ఇదీ ఒక చూపేనా అని తనను తానే తిట్టుకుంది.

దారం ముక్కలు చాలా వరకు దొరికాయి. ముడి దొరకలేదు. ముక్కలన్నీ తన కత్తెరకు, తన గోళ్ళకు నలిగిపోయినవి. ఆయన చెయ్యి చేసినట్టుగా, చేసినది చేసినట్టుగా ఉండేది ఆ ముడి ఒక్కటే. అది దొరకకపోతే ఈ పోగులు పంపినా ఒకటే, పంపకపోయినా ఒకటే.

గేటు బయట బండి హారన్ కొట్టింది. డ్రైవరు దిగి గేటు మీద చేత్తో బాదుతున్నాడు. బక్కోడు పరుగున వెళ్ళాడు. వాడి వాగుడు భరించలేక ఇస్త్రీ పెట్టె కూడా చల్లారిపోతుందని అందరూ ఏడిపిస్తారు. ఆ వాగుడే ఆ రోజు పనికొచ్చింది. బండి నంబరు నుంచి మొదలుపెట్టి, డ్రైవరుది ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, మైలేజీ ఎంతిస్తోంది, టైర్లు ఎప్పుడు మార్చారు అంటూ గేటు ఇవతల దూరంగా నిలబడి ఆ మనిషి బుర్ర తినేశాడు. డ్రైవరు హారన్ సంగతే మర్చిపోయాడు.

దారాలక్క కళ్ళతో వెతకడం మానేసింది. కళ్ళద్దాల మీద చెమట, లోపల కన్నీళ్ళు, కనపడేదేముంది? నూగు ఉండల్ని ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య నలపడం మొదలుపెట్టింది. మెత్తగా ఉంటే పక్కన పెట్టడం, ఇంకొకటి తీయడం. నర్సు రెండుసార్లు గడియారం చూసుకుంది. కాగితం మీది కుప్ప తరిగిపోతోంది. అడుగున మిగిలిన తడి ఉండ ఒకటి తీసి నలిపితే, అన్నంలో రాయిలా వేళ్ళ మధ్య ఏదో ఆగింది.

విడదీసింది. నీలం రంగు. శనగగింజంత. చెక్కు చెదరలేదు.

ముడిని అరచేతిలో పెట్టుకుని పీట మీదే కూర్చుండిపోయింది. "దొరికిందా అక్కా?" అని నర్సు అక్కణ్ణుంచే అడిగింది. దారాలక్క తల ఊపింది. గుమ్మం వెనక నుంచి వదిన ముక్కు చీదిన చప్పుడు వినపడింది. మిగిలిందంతా కొత్త సంచిలోకి వెళ్ళింది, సంచి బండెక్కింది.

ముడికీ దారం ముక్కలకూ ఆవిరి పట్టారు. చిన్న కవరులో పెట్టి, సాయంత్రం టీతో పాటు నాలుగో అంతస్తు చివరి గది ముందు స్టూలు మీద పెట్టించారు. దారాలక్క ఇంటికి వెళ్ళకుండా లాండ్రీలోనే ఫోను పక్కన కూర్చుంది. ఆవిడ తిట్టినా సరే, విని వెళ్ళాలనుకుంది. సూపర్‌వైజరు ఏదో పని ఉన్నట్టు మెట్ల దగ్గర తచ్చాడుతున్నాడు.

ఫోను మోగింది.

"అందిందమ్మా," అంది పెద్దావిడ. "ఒకటి అడుగుతాను, నిజం చెప్పాలి. ఆ కుట్టు చూసి నవ్వావా?"

సూపర్‌వైజరు మెట్ల మీద నుంచి వద్దు వద్దని చెయ్యి ఊపాడు. దారాలక్క ముఖం పక్కకు తిప్పుకుంది.

"నవ్వానమ్మా. నేను నవ్వడమే కాదు, అందరినీ పిలిచి చూపించి నవ్వించాను. గేదెను కట్టేసే ముడి అన్నాను. తప్పయిపోయింది. మీరేమన్నా పడతాను."

"నేనూ నవ్వాను," అంది ఆవిడ. "తాళంచెవులు జేబులోంచి లైనింగులోకి జారిపోయేవి. రోజూ తలుపు ముందు నిలబడి కోటంతా తడుముకునేదాన్ని. దర్జీ కొట్లన్నీ మూసేశారు. ఇలా ఇవ్వు నేను కుడతానన్నాడు. బియ్యం సంచి కుట్టే దబ్బనం పట్టుకుని ఆయన కూర్చున్న తీరు చూసి నాకు నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాను. ఆయనకు రోషం వచ్చింది. వంతెనలు నిలబెట్టినవాణ్ణి, నీ జేబు నిలబెట్టలేనా అన్నాడు. కోపం కొద్దీ ముడి మీద ముడి వేశాడు. ఎవడు విప్పుతాడో విప్పమను, చూస్తాను అన్నాడు. ఆ మర్నాడే జ్వరం."

దారాలక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నా కుట్టు విప్పేసి పంపమంటారా అమ్మా? జేబు ఎలా ఉందో అలాగే చేసిస్తాను."

"వద్దు, ఉండనీ. ఆ ముడి జేబులోనే వేసుకున్నాను. ఇక కిందికి జారదు కదా?"

"జారదమ్మా."

"అయితే సరే." ఆవిడ మళ్ళీ అడిగింది. "ముడి నలగలేదు, అలాగే ఉంది. అసలు విప్పాలని చూశావా?"

"ఎందుకు చూడలేదమ్మా? సూదితో గిల్లాను. పిన్నుతో పొడిచాను. గోళ్ళు అరగదీసుకున్నాను. రాలేదు. చివరికి కింద దారం కోసి పారేశాను. నా వల్ల కాలేదు."

అటువైపు చిన్న శబ్దం వినపడింది. ఏడుస్తోందేమో అనుకుంది దారాలక్క. కాదు, ఆవిడ నవ్వుతోంది.

"ఆ మాట ఇంకోసారి చెప్పు తల్లీ. కాస్త గట్టిగా చెప్పు."

లాండ్రీలో అడుగుపెట్టిన నాటి నుంచి ఆ రోజు దాకా ఏ గుడ్డ ముందూ, ఏ మనిషి ముందూ దారాలక్క ఆ మాట అని ఎరగదు. లేచి నిలబడింది. మాస్కు సర్దుకుంది. ఫోను రెండు చేతులా పట్టుకుని, తిరుగుతున్న మిషన్ల చప్పుడును మించి వినపడేలా చెప్పింది.

"నా వల్ల కాలేదమ్మా. ఆయన వేసిన ముడి విప్పడం నా వల్ల కాలేదు."